పావురాలకు కాళ్ళు గీసిన అంకుల్

మా కింది ఫ్లాట్ అంకుల్ పోయారు. మూడు వారాల కిందట, గురువారం పొద్దున నేను స్కూలు బ్యాగు సర్దుకుంటుంటే, ఆయన్ని చూసుకోవడానికి రోజూ వచ్చే కేరర్ మా తలుపు కొట్టింది. అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరిగెత్తింది. కాసేపటికి పైకొచ్చి, "నిద్రలోనే పోయారే. కళ్ళజోడు ముఖం మీదే ఉంది" అంది.

నేను సరేనని బస్సెక్కి స్కూలుకు వెళ్ళాను. మ్యాథ్స్ టెస్టు కూడా రాశాను. ఏడుపు రాలేదు. వచ్చింది భయం. ఎందుకంటే ఆ ఆదివారం మా ఇంటికొచ్చి, నేను చెప్పలేని ఒక విషయం నాన్నకు తను చెప్తానని అంకుల్ నాకు మాటిచ్చారు. ఇక అది చెప్పాల్సింది నేనే.

మన తెలుగు అసోసియేషన్ పత్రికకి ఆయన గురించి నాలుగు మాటలు రాయమని నాన్న నాకే చెప్పారు. నాన్న సెక్రటరీ కాబట్టి ఎవరో ఒకరి చేత రాయించాలి. "రెండేళ్ళు ఆయన దగ్గర తెలుగు నేర్చుకున్నది నువ్వేగా, నువ్వే రాయి" అన్నారు. ఆయన పేరు మాత్రం రాయను. పేరు వేయించుకోవడం ఆయనకు అలవాటు లేదు. జీవితమంతా వేరేవాళ్ళ సంతకం ఉన్న బొమ్మలకు సిరా వేశారు. టీవీ కార్టూన్లలో ఆఖర్న ఆయన పేరు వచ్చేదట కానీ, "కన్ను ఆర్పితే పోయింది. నేనే రెండుసార్లు మిస్సయ్యాను" అనేవారు.

హౌన్స్‌లోలో ఉండేవాళ్ళకు తెలిసే ఉంటుంది, ఎయిర్‌పోర్టు పక్కనే కాబట్టి మా వీధి మీద నుంచి విమానాలు ఎంత కిందుగా వెళ్తాయో. విమానం వస్తుంటే అంకుల్ పెన్ను పైకెత్తి పట్టుకునేవారు. కిటికీ అద్దాలు వణకడం ఆగాక మళ్ళీ కిందికి దించేవారు. నేను మొదట్లో అది ముసలితనం వల్ల అనుకున్నాను. కాదు, గీత వంకర పోకుండా. మాట్లాడుతున్నా అంతే. వాక్యం సగంలో ఆపి, విమానం వెళ్ళాక మిగతా సగం చెప్పేవారు.

ఆయనది కాకినాడ. బొమ్మలు నేర్చుకుందామని కుర్రతనంలో లండన్ వచ్చి, ఒక వారపత్రికలో చేరారు. అందులో వారం వారం ఒక పావురాల కార్టూన్ వచ్చేది. మూడు గళ్ళు, మూడు పావురాలు. లండన్‌లోని గొప్పవాళ్ళ విగ్రహాల నెత్తిన కూర్చుని, కింద వెళ్ళే మంత్రుల్నీ బిషప్పుల్నీ రాణిగారి బంధువుల్నీ నోటికొచ్చినట్టు అనేవి. ఆఖరి గడిలో ఎవరో ఒకరి టోపీ పాడయ్యేది. అది చూసి జనం ఉత్తరాలు రాసేవారట, సగం మంది తిడుతూ, సగం మంది ఇంకా గట్టిగా తిట్టమని.

నేను అంకుల్‌కి ఎలా తెలిశానో చెప్పాలి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు గుంటూరు నుంచి ఇక్కడికి వచ్చాం. అక్కడా ఇంగ్లీష్ మీడియమే, ఇక్కడా అదే. నేను ఎక్కడా పెద్దగా మాట్లాడను. క్లాసులో ఆన్సర్ తెలిసినా చెయ్యెత్తను. మాట్లాడకుండా ఏం చేస్తానంటే, అందరి బొమ్మలూ గీస్తాను. టీచర్లు, గుడి కమిటీ, అమ్మ స్నేహితులు, అందరూ. ఆ నోట్‌బుక్ బీరువా పైన పాత రైస్ కుక్కర్ డబ్బాలో ఉండేది. రెండేళ్ళ కిందట ఒకరోజు స్కూలుకు తీసుకెళ్తుంటే, అది బ్యాగులోంచి జారి మెట్ల మీద పడిపోయింది. సాయంత్రం అంకుల్ మా తలుపు కొట్టారు. ఆయన చేతిలో నా నోట్‌బుక్. తలుపు తీసింది అమ్మ.

ఆ బుక్కులో అమ్మ బొమ్మే పది పేజీలుంది.

అంకుల్ దాన్ని చంకలో పెట్టుకుని, "మీ అమ్మాయికి తెలుగు రాయడం రాదటగా. రేపటి నుంచి నా దగ్గరికి పంపండమ్మా, నేర్పుతాను. ఖాళీగానే ఉన్నాను" అన్నారు. అమ్మకు పట్టరాని సంతోషం. వెంటనే ఆయనకు గిన్నెడు పెరుగన్నం ఇచ్చి పంపింది.

మర్నాడు వెళ్తే నోట్‌బుక్ తిరిగి ఇచ్చారు. ప్రతి పేజీలోనూ లేత నీలం పెన్సిల్‌తో దిద్దారు. ఇక్కడ మోచెయ్యి పొడుగు, ఇక్కడ ముక్కు బాగుంది, అని. ఆ లేత నీలం వాళ్ళ పనిలో వాడే రంగు. ముందు దానితో గీసుకుని, పైన నల్ల సిరాతో ఖాయం చేస్తారు. అప్పటి కెమెరాలకు ఆ నీలం కనిపించేది కాదట. అందుకని చెరపక్కర్లేదు. నాకది తెగ నచ్చింది. ఇక అన్నీ నీలంతోనే గీయడం మొదలుపెట్టాను. సిరా వేసేదాన్ని కాదు. దూరం నుంచి చూస్తే తెల్లకాగితమే.

"ఇంకెన్నాళ్ళు దాస్తావు అమ్మడూ?" అని అడిగారు ఒకరోజు.

"దాయట్లేదు అంకుల్. ఇంకా ఫినిష్ కాలేదు."

"నేనూ స్టూడియోలో మా హెడ్డుతో అదే చెప్పేవాణ్ణి. ఆవిడ నమ్మేది కాదు."

తెలుగు నేర్పడం ఉత్త సాకు అనుకున్నాను కానీ, నేర్పారు కూడా. నా బొమ్మల్లో మాటలన్నీ ఇంగ్లీషులో రాసేదాన్ని. ఆయన ఒక మాటల బుడగ మీద వేలు పెట్టి, "మీ నాన్న ఇంగ్లీషులో అరుస్తాడేటి?" అని అడిగారు. కాదన్నాను. "మరి ఈయనెవరు? ఏ భాషలో అరిస్తే ఆ భాషలోనే రాయాలి. లేకపోతే మొహం ఒకరిది, నోరు ఇంకొకరిది అయిపోద్ది." అలా నాన్న కోపం రాయడానికి నేను ఒత్తులు నేర్చుకున్నాను.

ఆయన చెప్పిన వాటిలో ఒకటి నన్ను చాలా రోజులు ఏడిపించింది. పోయిన ఉగాది భోజనాల్లో, మాస్టర్స్ చదవడానికి వచ్చిన ఒకబ్బాయి టేకవే డబ్బాల్లో పులిహోర నింపి బల్ల కింద దాచుకోవడం చూశాను. ఇంటికొచ్చి గీశాను. జేబుల్లోంచి, షూల్లోంచి, హుడీలోంచి పులిహోర కారుతున్నట్టు. నేను గీసిన వాటిలో అదే గొప్పదనుకుని అంకుల్‌కి చూపించాను. ఆయన నవ్వలేదు. ఒక విమానం వెళ్ళిపోయింది. ఇంకోటి కూడా వెళ్ళింది.

"ఈ అబ్బాయి ఎక్కడ పడుకుంటాడో తెలుసా నీకు?"

"తెలీదు అంకుల్."

"ఒక గదిలో నలుగురు పడుకుంటారు. నేనూ అలాగే పడుకున్నాను. అమ్మడూ, మా పావురాలు పెద్ద పెద్దోళ్ళ మీద రెట్ట వేసినాయి. చర్చి వాళ్ళని, సైన్యాన్ని, ఎవర్నీ వదల్లేదు. కానీ విగ్రహం కింద బెంచీ మీద పడుకున్నోడి మీద ఒక్కసారి కూడా వెయ్యలేదు. మా దగ్గర ఉన్న రూలు అదొక్కటే."

నేను ఏడుస్తుంటే టిష్యూ ఇచ్చి, "ఆ రోజు స్టేజీ మీద ఎవరున్నారు?" అని అడిగారు.

"మా నాన్న."

ఆయన నవ్వు మొదలుపెట్టి దగ్గులోకి వెళ్ళిపోయారు. కేరర్ పరిగెత్తుకొచ్చింది.

పావురాలు టీవీకి వెళ్ళిన కథ ఆయనకు చాలా ఇష్టం. ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా ఉండేది. పత్రికలో మూడు గళ్ళతో సరిపోయేది. టీవీలో అయితే పావురం మెడ తిప్పడానికే బోలెడు బొమ్మలు కావాలి. వారపత్రికలో ముగ్గురు చేసిన పనికి గదినిండా మనుషుల్ని తెచ్చారు. మొదటిరోజు అందరూ కూర్చున్నాక తెలిసిందట అసలు సంగతి. పావురాలు ఎప్పుడూ విగ్రహం అంచు వెనక కూర్చునే ఉండేవి కాబట్టి, అన్నేళ్ళలో వాటి కాళ్ళు ఒక్కరూ గీయలేదు. ఇప్పుడవి నడవాలి. ఎలా నడుస్తాయో ఎవరికీ తెలీదు. హెడ్డు అంకుల్ చేతికి ఒక బ్రెడ్డు ఇచ్చి, పావురాలు వాలే చౌరస్తాకు పోయి గీసుకురమ్మంది. ఆయన వారం రోజులు చలిలో కూర్చుని పావురాల కాళ్ళు గీశారు. బాగానే వచ్చాయి కానీ నవ్వు రాలేదు.

"అప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు" అనేవారు. వాళ్ళ నాన్నగారు కాకినాడలో స్కూలు హెడ్మాస్టరు. చేతులు వెనక కట్టుకుని, అడుగు వేసే ముందు తల ముందుకు పెట్టి, ఆగి, చుట్టూ చూసి, అప్పుడు కాలు వేసేవారట. అంకుల్ ఆ నడక పావురానికి పెట్టారు. గదంతా పడి పడి నవ్వింది. ఆ ప్రోగ్రాం వచ్చినన్నాళ్ళూ ఇక్కడి స్కూళ్ళలో పిల్లలు బ్రేక్‌లో ఆ నడక నడిచేవారట. ఫ్యూనరల్‌కి ఆ స్టూడియోలో పనిచేసిన ఇద్దరు పెద్దావిడలు వచ్చారు. ఆ నడక ఎవరిదో వాళ్ళకు ఇప్పటికీ తెలీదు. నేను చెప్తే ఒకావిడ ఏడుస్తూనే నవ్వింది.

"మీ నాన్నగారు చూశారా?" అని నేను అడిగాను ఒకసారి.

"లేదు. టేపు పంపొచ్చు. భయమేసింది. తన ముందు ఎవడూ నవ్వడానికి సాహసించని మనిషి ఆయన, నేను ఊరందరి చేతా నవ్వించాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. ఆయన పోయాడు." విమానం ఏమీ రాలేదు కానీ ఆయన ఆగారు. "నవ్వేవాడేమో అమ్మడూ. తిట్టేవాడేమో. ఏదైనా నాకు తెలిసేది."

ఇప్పుడు నా విషయం. ఒక టీవీ సంస్థ వాళ్ళు నా వయసు వాళ్ళ దగ్గర ఒక్క నిమిషం కార్టూన్లు అడిగారు. ఎంపికైతే వేసవి సెలవుల్లో వాళ్ళ స్టూడియోలో పని నేర్పిస్తారు. నేను చేశాను. రోజూ "తెలుగు క్లాసు"కి వెళ్ళి, కింద నుంచి వెలుగొచ్చే అంకుల్ లైట్ బాక్సు మీద కాగితాలు పెట్టి గీసి, ఫోన్‌తో ఫోటోలు తీసి. మొదటిసారి అన్నిటికీ సిరా వేశాను. కానీ నాకు పదహారేళ్ళే కాబట్టి ఫారం మీద అమ్మో నాన్నో సంతకం పెట్టాలి. సోమవారం ఆఖరు. ఆ కార్టూన్‌లో హీరో మా నాన్న.

నాన్న అసోసియేషన్ కోసం ఎంత చేస్తారో మీకు తెలుసు. హాలు బుకింగ్ నుంచి చెత్త సంచుల దాకా. ఒకసారి ఎవరో వాట్సాప్ గ్రూపులో కమిటీ మీద జోకు పెడితే రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కేకలు వేస్తే నేను తట్టుకోగలను. ఆ రెండు రోజులు మళ్ళీ చూడలేను. అందుకే అంకుల్, "ఆదివారం భోజనం అయ్యాక వస్తాను. కడుపు నిండిన మనిషి ముందు పెట్టాలి" అన్నారు. గురువారం పోయారు.

ఆదివారం భోజనం అయింది. నాన్న సోఫాలో కూర్చున్నారు. నేను లాప్‌టాప్ ఆయన ముందు పెట్టి, "అంకుల్ మీకు చూపిస్తానన్నారు" అన్నాను. అది అబద్ధం కాదు.

అందులో నాన్న స్టేజీ ఎక్కి మైకు తీసుకుంటారు. ఎడమ చేత్తో కుర్తా పొట్ట మీదికి లాక్కుని, "రెండే రెండు మాటలు" అంటారు. వెనక దీపంలో నూనె అయిపోతుంది. పులిహోర మీద సాలెపురుగు గూడు కడుతుంది. మొదటి వరసలో పిల్లాడికి మీసం వస్తుంది, గడ్డం వస్తుంది, పెళ్ళవుతుంది. నాన్న మళ్ళీ కుర్తా లాక్కుని, "ఇక ముగించే ముందు" అంటారు. అంతే.

నాన్న నవ్వలేదు. అమ్మ వంటింట్లోంచి తడి చేతులతో వచ్చి చూసి, పెద్దగా నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాన్న మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుని చూశారు.

"నేను అంతసేపు మాట్లాడతానా?"

అమ్మ చేతులు తుడుచుకుంటూ, "మొన్న ఉగాదికి పులిహోర చల్లారిపోయిందిగా అండీ" అంది.

"ఇది అంకుల్ చూశారా?"

"చూశారు నాన్నా."

"ఏమన్నారు?"

"పొట్ట కొంచెం తగ్గించమన్నారు. మనిషి మరీ అంత లావు కాదన్నారు."

నాన్న కూర్చున్నచోటే తన పొట్ట వైపు ఓసారి చూసుకున్నారు. "పెద్దాయన మంచివాడు" అన్నారు. తర్వాత, "అయితే రెండేళ్ళూ తెలుగు నేర్చుకోలేదన్నమాట" అన్నారు.

"నేర్చుకున్నాను. బుడగల్లో రాసింది నేనే."

"రాసింది నువ్వే. మాటలు నావి."

నేను ఫారం ఇచ్చాను. కమిటీ మినిట్స్ చదివినట్టు ప్రతి లైనూ చదివారు. సంతకం పెడుతూ, "ఎన్నాళ్ళ నుంచి గీస్తున్నావు బుజ్జీ?" అని అడిగారు. గొంతులో కోపం లేదు. అదేంటో నాకిప్పటికీ సరిగ్గా తెలీదు. ఏడేళ్ళని చెప్పాను. "ఏడేళ్ళు" అని తనలో తను అనుకుని కాగితం మడిచి ఇచ్చారు.

ఫలితం ఇంకా రాలేదు. రాకపోయినా గీస్తాను, సిరాతోనే. ఈ వ్యాసం నాన్న చదివారు. సెక్రటరీ కదా, అన్నీ చదివే పంపుతారు. ఒక్క మాట కూడా కొట్టెయ్యలేదు.

అంకుల్‌కి నేను థాంక్స్ చెప్పలేదు. చెప్పే మనిషిని కాదు నేను, ఆయనకు తెలుసు. కానీ ఆ ఆదివారం సాయంత్రం ఒకటి చూశాను, అది ఆయనకు చెప్పాలని చాలా ఉంది. హాల్లోకి వెళ్తుంటే బెడ్‌రూమ్ తలుపు సగం తీసి ఉంది. లోపల నాన్న అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడి ఉన్నారు. కుడి చేతిలో టీవీ రిమోట్, నోటి దగ్గర. ఎడమ చేత్తో మెల్లగా కుర్తా కిందికి లాగారు. అద్దంలో చూసుకున్నారు. తల పక్కకు వంచి, కుర్తా వదిలేసి, మళ్ళీ లాగారు.