స్టీరింగ్ మీద అన్న చేతులు

మా అన్నకు చెవులు పూర్తిగా పోయాయి. డాక్టరేమో వయసు అంటాడు. వయసూ కాదు, పాడూ కాదు, ఆ కారు! ఏళ్ల తరబడి సైలెన్సర్ విప్పేసి నడిపితే ఎవరి చెవులు మిగులుతాయి? చూడ్డానికి అది బ్యాంకు మేనేజర్లు పెళ్లాంపిల్లలతో తిరిగే నాలుగు తలుపుల సెడాన్. ర్యాలీకి దిగిందంటే మాత్రం దయ్యం పట్టినట్టే. అనంతగిరి మలుపుల్లో ఖరీదైన జీపులను దుమ్ములో వదిలేసి పోయేది. అన్న నడిపేవాడు, నేను పక్కన కూర్చుని మ్యాపు చూసి మలుపులు అరిచేవాణ్ణి. చివరికి నా అరుపులూ వినపడక, స్టీరింగ్ వణుకును బట్టే ఇంజను సంగతి చెప్పేవాడు.

ర్యాలీలు మానేశాక దాన్ని మొయినాబాద్‌లో ఫాంహౌస్ ఉన్న ఒక అభిమానికి ఉత్తపుణ్యానికే ఇచ్చేశాడు. "నడుస్తనే ఉండాలె" అన్నది ఒక్కటే షరతు.

"దేవుని లెక్క చూసుకుంట అన్నా" అన్నాడా పెద్దమనిషి.

ఈ ఎండాకాలం అన్న మంచం పట్టాడు. షుగరు ముందు పాదాల స్పర్శ తీసుకుపోయింది, తర్వాత కిడ్నీలు. "ఒక్కపారి దాన్ని స్టార్ట్ చేసి సస్త తమ్మీ" అని ఒకటే పోరు. చేవెళ్ల నుంచి ఆటో మాట్లాడి తీసుకుపోయాను.

కారు లాన్ మధ్యలో తళతళా మెరుస్తోంది. దాని ముందు పెళ్లి ఫొటోలు దిగుతారట. అన్న ముఖం వెలిగిపోయింది. పట్టుకుని సీట్లో కూర్చోబెట్టాను. వాచ్‌మన్ నా వెనకాలే వచ్చాడు.

"ఇంజను ఏడున్నది సార్? ఆయిల్ కారి గడ్డి ఖరాబైతున్నదని ఎప్పుడో పీకి పాత ఇనుము కింద ఇచ్చిన్రు. ఫొటోలకు పెయింటు చాలు గద" అన్నాడు.

గడ్డి కోసం! వాళ్ల నోట్లో మన్ను పడ, ఆ గడ్డి వాళ్లే తినకపోయారా?

అన్నకు ఇదేదీ వినపడలేదు. తాళంచెవి తిప్పాడు. రెండు అరచేతులూ స్టీరింగ్‌కు ఆనించి కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తిప్పాడు. చేతులు లుంగీకి తుడుచుకుని మళ్లీ ఆనించాడు.

"బండి స్టార్టయింది గద తమ్మీ? నాకేం తెలుస్తలేదేంది?" అని నా ముఖంలోకి చూశాడు. "చేతులు గూడ పొయినయా?"

బండి చచ్చిందని చెప్పాలి, లేదంటే చేతులు చచ్చాయని చెప్పాలి. మూడో మాట లేదు. ఇంజను బ్రహ్మాండంగా నడుస్తోందని బొటనవేలెత్తి చూపించాను.

అన్న రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వాటినే చూస్తూ ఏడ్చాడు.