లిస్టులో రాయని పేరు

అక్క కాన్పుకు ముందు నాలుగు శనివారాలు మేమిద్దరం అమీర్‌పేట నుంచి ఆటోలో పంజాగుట్ట ఆసుపత్రికి వెళ్లాం. కాన్పు గదిలో తోడుండేవాళ్లకు అక్కడ క్లాసు చెప్పేవారు. నొప్పి వచ్చినప్పుడు నడుము ఎక్కడ నొక్కాలి, ఊపిరి ఎలా లెక్కపెట్టాలి, అవన్నీ. గదిలోకి ఒక్కరికే అనుమతి, అదీ ఆడవాళ్లకే. అమ్మకు నెల రోజులుగా దగ్గు. దగ్గేవాళ్లను గేటు దగ్గరే ఆపేస్తారు. అందుకే ఫారంలో అక్క నా పేరు రాసింది.

"నువ్వు లెక్కపెడుతుంటే నాకు భయమనిపియ్యదే" అంది.

నలుగురిలో నోరు విప్పలేని నన్ను ఒకరు ఏరికోరి ఎంచుకోవడం అదే మొదటిసారి. క్లాసులో చెప్పిందంతా బొమ్మలు వేసి మరీ డైరీలో రాసుకున్నాను.

నొప్పులు మొదలైన రోజు పొద్దున్నే అక్క వాళ్ల అత్తగారు బేగంపేట నుంచి మాకంటే ముందే వచ్చి కూర్చున్నారు. వాళ్లది కోస్తా. అక్కను లోపలికి తీసుకెళ్లాక నేను పాస్ మెడలో వేసుకోబోతుంటే ఆవిడ నర్సుతో అన్నారు: "పెళ్లి కాని పిల్లండీ. అవన్నీ చూస్తే రేపు పెళ్లే వద్దంటుంది. నేను వెళ్తాను, పేరు మార్చండి."

నర్సు నావైపు తిరిగింది. "ఏమ్మా, నీకు సరేనా? ఒక్కసారి లోపలికి పోయినంక మళ్ల మార్చం."

నేను తల ఊపాను.

ఆ తల ఊపడం మీద తర్వాత డైరీలో ఆరు పేజీలు తిట్టుకున్నాను.

గంట గడిచాక బావకు టీ తేవడానికి క్యాంటీన్‌కు దిగాను. అత్తగారు అక్కడ ఇడ్లీ తింటున్నారు. మెడలో పాస్, చెవి దగ్గర ఫోన్.

"పక్కనే ఉన్నాను వదినా. దాని చెయ్యి పట్టుకునే ఉన్నాను. ఒక్క క్షణం వదల్లేదు."

నన్ను చూసి ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టారు. "లోపల ఆ వాసనకి కళ్లు తిరిగాయమ్మాయ్. కాసేపాగి వెళ్తాలే."

బావకు చెప్పాను. "అమ్మకు బీపీ కదా" అన్నాడు. నర్సును అడిగాను. రూల్ రూలే అంది. ఆవిడ మళ్లీ పైకి వచ్చేసరికి మూడు గంటలు గడిచాయి, బాబు పుట్టేశాడు. ఆ మూడు గంటలూ నేను తలుపు బయట నిలబడే ఉన్నాను. అక్క రెండుసార్లు నన్ను పిలవడం వినిపించింది.

మర్నాడు వార్డులో అక్క చెప్పింది: "లెక్క నేనే పెట్టుకున్న. పద్దెనిమిది కాడ మర్చిపోతుంటి. మళ్ల మొదటికెల్లి షురూ."

వార్డులో రాత్రింబవళ్లు తోడుండేది నేను. మిగతావాళ్లను నాలుగు నుంచి ఆరు దాకా చూడనిస్తారు. వచ్చేవాళ్ల పేర్లు పొద్దున్నే రాసి, బాలింత సంతకంతో గేటు దగ్గర ఇవ్వాలి. నా దస్తూరి బాగుంటుందని అక్క నన్నే రాయమంది. ఆ రోజు ఎవరెవరు వస్తారో బావనడిగి రాశాను. ఎవరెవరిని రాశానో చూడకుండానే, బాబును ఒళ్లో పెట్టుకుని సంతకం చేసింది.

నాలుగింటికి కిందికి వెళ్లి లిఫ్టు పక్కన నిలబడ్డాను. అంత ఆత్రంగా నేను ఏ పండక్కీ ఎదురుచూడలేదు.

అత్తగారు వాళ్ల వదినగారిని వెంటబెట్టుకుని, స్వీట్ల డబ్బాతో వచ్చారు. సెక్యూరిటీ అన్న లిస్టు మీద వేలు పైనుంచి కిందికి జరిపాడు.

"ఈ పెద్దమ్మ పేరుంది. మీ పేరు లేదమ్మా."

"నేను నానమ్మనయ్యా!"

"నానమ్మలు దినాం మస్తుమంది వస్తరమ్మా. లిస్టుల పేరుండాలె. జర పక్కకు జరుగుండ్రి."

ఆవిడ నన్ను చూశారు. "ఏంటమ్మాయ్, నా పేరు రాయడం మర్చిపోయావా?"

"మర్చిపోలేదండీ" అన్నాను. "లోపల వాసనకి మీకు కళ్లు తిరుగుతాయి కదా. నిన్న మూడు గంటలు క్యాంటీన్‌లోనే కూర్చున్నారు."

వదినగారు అప్పటిదాకా చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నారు. తలెత్తారు. "క్యాంటీన్ ఏంటి? చెయ్యి పట్టుకునే ఉన్నానన్నావుగా నాతో?"

అత్తగారు స్వీట్ల డబ్బాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. నేను వదినగారిని తీసుకుని లిఫ్టు ఎక్కాను. తలుపులు మూసుకునేదాకా అత్తగారి ముఖాన్నే చూశాను. జాలి వేస్తుందేమోనని ఆగాను. వేయలేదు.

ఆరింటికి వదినగారు వెళ్లాక జరిగిందంతా అక్కకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. పొట్ట పట్టుకుని నవ్వింది.

"నవ్వియ్యకే, కుట్లు గుంజుతున్నయ్." బాబును నా చేతికిచ్చి, నా డైరీలోంచి ఒక కాగితం చింపుకుంది.

"రేపటిది నేను రాస్త" అంది.

రాసి ఇచ్చింది. నాన్న పేరు, బావ పేరు, ఇంకో ఇద్దరివి ఉన్నాయి. అత్తగారిది లేదు.