అడగని వాళ్లకు పంపిన లగ్గం పత్రిక

ఆ రోజుల్లో మెయిల్ వచ్చిందంటే ఇంటికి చుట్టం వచ్చినంత సంబరం. ఇప్పుడు నా ఫోన్‌లో చదవనివి వేలల్లో పడి ఉన్నాయి, వాటి మొహం కూడా చూడను. అప్పుడు మాత్రం ఒక్క మెయిల్ వస్తే నలుగురికి చెప్పుకొనేవాళ్లం. అలాంటి కాలంలో నేను మేడ్చల్‌లో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే ఒక చిన్న కంపెనీలో చేరాను. టైర్ల దుకాణం పైన రెండు గదులు, ఒక సర్వర్, నలుగురం మనుషులం. కనెక్షన్ తీసుకున్న ప్రతివారికీ మా కంపెనీ పేరుమీదే ఒక మెయిల్ చిరునామా ఇచ్చేవాళ్లం. ఆ పెట్టెల్లోకి చొరబడే చెత్తను, అంటే స్పామ్‌ను, ఆపడం నా పని. (నా పదవి పేరు చాంతాడంత ఉండేది. సర్వర్ గదిలో బూజు దులపడం కూడా అందులో భాగమేనని చేరాక తెలిసింది.)

మా నాయిన శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. "ఇంటర్నెట్ల నువ్వు జేసే పనేందిరా?" అని ఒకరోజు అడిగాడు. "మెయిళ్లు వస్తయి నాయినా. అండ్ల చెడ్డయి పట్టి పక్కకు ఏస్త" అన్నాను. దానికి నాయిన, "వల కండ్లు మరీ సన్నగ పెట్టకు బిడ్డా, మంచియి గూడ పడ్తయ్" అన్నాడు. మా కంపెనీ నడిపే పెద్దసార్ నాకు వారం రోజులు బోర్డు మీద గీసి నేర్పిన పాఠం అదే. ఫిల్టర్ బిగిస్తే మంచి మెయిళ్లూ ఆగిపోతాయి, వదులు చేస్తే చెత్తంతా లోపలికి వస్తుంది. నాయినకు ఆ సంగతి కంప్యూటర్ చూడకుండానే తెలుసు.

బయటి నుంచి వచ్చే చెత్త ఒక్కటే కాదు, మా కస్టమర్లు బయటికి పంపే చెత్తను కూడా ఆపాలి. అందుకని పెద్దసార్ చెప్పగా నేనే స్కెచ్‌పెన్నుతో ఒక కాగితం రాసి కౌంటర్ ముందు అంటించాను. అడగని వాళ్లకు గుంపుగా మెయిళ్లు పంపితే కనెక్షన్ వారం బంద్, ఆఫీసు మనిషి పంపితే ఉద్యోగమే బంద్. ఆ కాగితానికి మొదట బలైనవాడు గౌడవెల్లిలో కోళ్లఫారం నడిపే గుడ్లన్న. రోజూ పొద్దున్నే గుడ్ల రేటును తనకు తెలిసిన దుకాణాలకూ తెలియని దుకాణాలకూ కలిపి పంపేవాడు. "రేటు చెప్పుడు గూడ తప్పేనా తమ్మీ?" అని పాపం కౌంటర్ దగ్గర బతిమాలాడు. "వాళ్లు అడిగిండ్రా అన్నా?" అని జడ్జిగారిలా అడిగి వారం పాటు కనెక్షన్ కోసేశాను. ఆ పూట నా నడకే మారిపోయింది.

నెల తిరగకుండా నా లగ్గం కుదిరింది. అల్వాల్ అమ్మాయి. "పిల్లగాడు నీడపట్టున కూసొని జేసే నౌకరి" అని మా మామ వచ్చినవాళ్లందరికీ చెప్పుకొని మురిసిపోయాడు. ఆ నౌకరీని చూసే పిల్లనిచ్చాడు, అందులో దాపరికం లేదు. తీరా వారం సెలవు అడిగితే పెద్దసార్, "రెండు దినాలు చాలు. సర్వర్‌ను ఎవరు చూస్తరు?" అన్నాడు. ఇంటికెళ్తే నాయిన ఇంకొకటి నెత్తిన పెట్టాడు. "ఆఫీసుల ఒకల్ని పిలిచి ఒకల్ని ఇడ్సిపెట్టకు. పదేండ్లు యాది పెట్టుకుంటరు."

మా దిక్కు పిలుపంటే మాటలు కాదు. గడప గడపకూ పోయి, బొట్టు పెట్టి, ఇంటిల్లిపాదీ రావాలని నోటితో చెప్పాలి. ఉత్త పత్రిక ఇచ్చి వస్తే అది పిలుపే కాదు. నాకేమో కదలడానికి సెలవు లేదు, కౌంటర్‌లో నన్ను తమ్మీ అని పిలిచిన వాళ్లు ఊరంతా ఉన్నారు. అందుకని మధ్యాహ్నం అన్నం తిని కూర్చుని పత్రికను మెయిల్‌లో పెట్టి, "మీ ఇంటికి వచ్చి బొట్టు పెట్టి పిలిచినట్టే అనుకొని అందరూ రావాలె" అని రాసి, సర్వర్‌లో కనిపించిన ప్రతి చిరునామాకూ పంపేశాను. కస్టమర్లు, వాళ్లకు రాసినవాళ్లు, చెత్త వచ్చిందని కస్టమర్లు మాకు పంపే ఫిర్యాదుల పెట్టెలో దొరికిన పేర్లు, ఒక్కరినీ వదల్లేదు. (అది స్పామ్ అని నాకు తట్టనే లేదు. స్పామ్ అంటే పరాయివాళ్లు పంపేది కదా. ఇది నా లగ్గం.)

తెల్లారి ఆఫీసులో ఫోన్లు ఆగలేదు. మా కస్టమర్లు ఎక్కడికి మెయిల్ పంపినా వెనక్కి తిరిగొస్తోంది. పెద్దసార్ వెతికి వెతికి చివరికి నా వైపు చూశాడు. స్పామ్ పంపేవాళ్లను పట్టుకోవడానికి కొందరు ఎవరికీ చెందని చిరునామాలు తయారు చేసి ఎరగా వదులుతారు. మనిషే లేని చోటికి మెయిల్ రాసిన సర్వర్ నల్ల జాబితాకెక్కుతుంది, ఆ జాబితా చూసే కంపెనీలన్నీ దానికి తలుపులు మూసేస్తాయి. ఫిర్యాదుల పెట్టెలోని చెత్తలో అలాంటి చిరునామాలు ఉన్నాయట. చేపలు పట్టే ఇంట్లో పుట్టి నేనే ఎర మింగాను. మనుషులే లేని చిరునామాలను ఇంటిల్లిపాదీ రమ్మని పిలిచాను.

పెద్దసార్ కౌంటర్ ముందరి కాగితం చూపించి, "నువ్వు రాసిందే గదా. చదువు" అన్నాడు. మొదటి ముక్క చదివాను, ఉద్యోగమే బంద్ అన్న రెండోదాన్ని చేత్తో మూశాను. నౌకరీ పోయిందంటే అల్వాల్‌లో మా మామ మొహం ఎట్లా మారుతుందో కళ్ల ముందు కనిపించింది. నిజంగా ఏడుపొచ్చింది. "ముందు జాబితాల నుంచి పేరు తీపియ్యి. నీ సంగతి తర్వాత" అన్నాడు సార్. జాబితా వాళ్ల ఫారంలో తప్పు ఎట్లా జరిగిందని అడిగారు. సర్వర్‌లో లోపం అని రాశాను. సార్ కొట్టేసి, "నిజం రాయి" అన్నాడు. లగ్గం, నాయిన మాట, దొరకని సెలవు, అన్నీ వచ్చీరాని ఇంగ్లీషులో రాశాను.

మరునాడు జాబితా వాళ్ల జవాబు వచ్చింది. మీ పేరు తీసేశాం, ఇకమీద అడిగిన వాళ్లకే పంపండి, పెళ్లికి రాలేకపోతున్నాం, దంపతులకు మా శుభాకాంక్షలు అని. పెద్దసార్ దాన్ని రెండుసార్లు చదివి నవ్వు ఆపుకొని, "మరి నిన్నేం జెయ్యాలె?" అన్నాడు. సరిగ్గా అప్పుడే గుడ్లన్న మెట్లెక్కి వచ్చాడు, చేతిలో నా పత్రిక అచ్చు తీసిన కాగితం. "పత్రిక మస్తుగుంది తమ్మీ. నేను అడిగిన్నా?" అన్నాడు. ఆయన సార్ వైపు తిరిగి, "ఇద్దరి తప్పు ఒక్కటే గద సార్. నాకు వారం బంద్ వెట్టిండు. తమ్మికి గూడ గంతే వెట్టుండ్రి" అన్నాడు.

సార్ క్యాలెండర్ చూశాడు. ఆ వారంలోనే నా లగ్గం. ఇవ్వనన్న సెలవు అట్లా శిక్షగా వచ్చింది. లగ్గం రోజు దాకా నాయినతో కలిసి గడప గడపకూ తిరిగాను. మొట్టమొదట గౌడవెల్లికి పోయి, గుడ్లన్న ఇంట్లో అందరికీ బొట్టు పెట్టి నోటితో పిలిచాను.

ఇప్పుడు నేను పెద్ద కంపెనీలో స్పామ్ ఆపే మనుషుల మీద పెద్దను. యాప్రాల్‌లో ఇల్లు, నెత్తిన నెరిసిన వెంట్రుకలు. ఏటా మా లగ్గం రోజున గుడ్లన్న శుభాకాంక్షల మెయిల్ పంపుతాడు, దాని కింద ఆనాటి గుడ్ల రేటు. మేము తయారు చేసిన ఫిల్టర్ దాన్ని ఏటా చెత్తపెట్టెలో పడేస్తుంది. మా వాళ్లకు ఒక్క మాట చెబితే నేరుగా వస్తుంది, కానీ నేను చెప్పలేదు. ఆ రోజు పొద్దున్నే చెత్తపెట్టె తెరిచి, వెతికి, నా చేతులతోనే బయటికి తీస్తాను. పక్కన కూర్చున్న మా ఆవిడ అడుగుతుంది, "ఇయ్యాల రేటెంతనట?"