తాబేళ్లకు పెరటాసి లేదు

మా మనవరాలు రెండు తాబేటి పిల్లలను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుని వచ్చింది పెరటాసికి పదమూడు రోజుల ముందు. వడియమంత ఉన్నాయి. పచ్చటి డిప్ప, చెవి దగ్గర ఎర్రటి గీత. ఆ పూటే వంటింటి కాటా మీద తూచాను. పెద్దది ముప్పై ఒక్క గ్రాము, చిన్నది ఇరవై నాలుగు. క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో రాసిపెట్టాను. ముప్పై రెండేళ్లు అంగన్‌వాడీలో బిడ్డలను తూచినదాన్ని, తూచకుండా ఏ ప్రాణినీ పెంచలేను.

అంగడివాడు ఇచ్చిన గుళికలు పన్నెండు రోజులు బాగా తిన్నాయి. పదమూడో రోజు మా ఆయన అక్క, అంటే మా వదిన, ఆ గుళికల డబ్బా మూత తీసి వాసన చూసింది.

"ఇది చేపల పొడి గదమ్మే. రేపు పెరటాసి."

తిరుపతి వైపు ఇళ్లలో పెరటాసి అంటే స్వామి నెల. మామూలు రోజుల్లో చేపల పులుసు లేనిదే ముద్ద దిగనివాళ్లు కూడా ఆ నెలంతా నీసు ముట్టరు. గుడ్డు కూడా గడప దాటి రాదు. శనివారాలు ఒక్కపొద్దు ఉండి, అరిటాకులో అన్నం, పొంగలి కుప్పలు పోసి స్వామికి తళిగ వేస్తారు. మాదీ అట్లాంటి ఇల్లే. ఆ నేమాలన్నీ వదిన చేతిలో ఉంటాయి. గుళికల డబ్బా వీధి చివరి చెత్తబండిలోకి పోయింది.

వదినకు తాబేళ్ల మీద కోపం లేదు, అసలు బాధ అదే. కూర్మావతారం ఇంటికి నడిచి వచ్చిందని మురిసిపోయింది. వాటిని ఉంచిన నీళ్ల తొట్టిని ఎండ తగిలే కిటికీ దగ్గర నుంచి తీసి దేవుడి గదిలో పెట్టింది. రోజూ ఇంత పొంగలి, అరటిపండు, తులసాకు. శుక్రవారం డిప్పలకు పసుపు పూసింది. శనివారం వాటికీ ఒక్కపొద్దే.

మొదటి శనివారం పెద్దది ముప్పై, చిన్నది ఇరవై మూడు. రెండో శనివారానికి చిన్నది ఇరవై రెండు. మూడో శనివారం పొద్దున ఇరవై ఒకటి. దాని రెప్పలు ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. డిప్ప అంచు మీద వేలు పెడితే నానిన అప్పడంలా లోపలికి పోయింది. ఇరవై నాలుగులో మూడు తగ్గడమంటే ఎనిమిదో వంతు. పన్నెండు కిలోల బిడ్డ కిలోన్నర తగ్గినట్టు.

అట్లాంటి బిడ్డను నేను చూశాను. వడమాలపేట దగ్గర నేను పనిచేసిన ఊళ్లో, పెరటాసిలో మేం పెట్టే గుడ్డు వద్దని ఒక తల్లి కూతుర్ని నెలపాటు కేంద్రానికి పంపలేదు. తిరిగి వచ్చినప్పుడు ఆ పాప తూకం కార్డు మీద ఎర్రగీత కిందికి దిగింది. నేను కార్డు నింపి సంతకం చేశాను. ఊళ్లో మాట వస్తుందని ఆ తల్లితో ఒక్క మాట వాదించలేదు. పాప తర్వాత కోలుకుంది, అందులో నా గొప్ప ఏమీ లేదు.

ఈసారి కాటా పక్కన పెట్టి, వైరు బుట్ట తీసుకుని పట్టపగలే ఎండుచేపల సందుకు నడిచాను. దారిలో ముగ్గురు తెలిసినవాళ్లు కనబడ్డారు. ముగ్గురికీ ఎక్కడికి పోతున్నానో చెప్పాను.

అక్కడ అమ్మే ఆమె సూళ్లూరుపేట నుంచి సరుకు తెచ్చుకుంటుంది. గోనెపట్టా మీద కూర్చుని ఈగలు తోలుకుంటోంది.

"పెరటాసిలో మా తావుకు పిల్లులు గూడా రావమ్మా. నువ్వొచ్చినావే."

"ఉప్పు వెయ్యని ఎండు రొయ్యలు ఉండాయా?"

"ఉప్పు లేకుండా ఎవురు తింటారు? మీ ఆయనకు బీపీనా?"

"తాబేళ్లకు."

ఆమె ఈగలు తోలడం ఆపింది. "సరేలే. అవి నామం పెట్టుకోలేదు గదా," అని పొట్లం కట్టింది. నాటు మందుల అంగడిలో సముద్రపు నురుగు చెక్క ఒకటి కొన్నాను. డిప్పకు సున్నం కావాలి, ఆ చెక్కంతా సున్నమే.

ఇల్లు చేరేసరికి వదిన ఆకు పరిచి అన్నం పోస్తోంది. వాసన నా కంటే ముందు లోపలికి పోయింది.

"గడప తొక్కొద్దు," అంది తలెత్తకుండానే. "నీసు ఇంట్లోకి వస్తే తళిగ యాడ వెయ్యాల నేను?"

"ఒక్కపొద్దు నాకు, వదినా. దాని నోటికి కాదు."

"అది మామూలు జీవం కాదమ్మే. స్వామి రూపం."

"స్వామి కూర్మంగా ఉన్నప్పుడు సముద్రంలో ఏం తిన్నాడో నాకు తెల్దు. పొంగలి మాత్రం తిని ఉండడు."

మనవరాలు నవ్వి, వదిన చూపు చూసి ఆపేసింది.

"అంత తెలిసినదానివి ఆ తొట్టి తీసుకోని మిద్దెమిందికి పో. పెరటాసి అయ్యేదాకా దిగొద్దు."

"పోతాను."

పోయాను. పదకొండు రోజులు మిద్దె మీది రేకుల గదిలో ఉన్నాను. మనవరాలు మెట్ల దాకా అన్నం తెచ్చేది. "అవ్వా, పెద్దవ్వ నీకు పొంగలి పంపలేదు," అని ఒకసారి దిగులుగా చెప్పింది. పొంగలి నేను అడగలేదు.

తొట్టిలో తేరిన నీళ్లు, ఎక్కి కూర్చోవడానికి ఒక రాయి, పొద్దున రెండు గంటల ఎండ, ఒక పక్క నీడ. మేత ఒక్కోదానికి దాని తలకాయంత, అంతకు మించి కాదు. పిల్లలు కాబట్టి రోజూ: సగం నానబెట్టిన రొయ్యపొడి, లేదా కుండీ మట్టిలోని వానపాము. మిగతా సగం తరిగిన మునగాకు, క్యారెట్టు కోరు. పాలకూర పెట్టను, అది సున్నాన్ని ఒంటికి పట్టనివ్వదు. నురుగు చెక్కను నీళ్లలో వేస్తే అవే కొరుక్కున్నాయి. చిన్నది మూడు రోజులు నోరు తెరవలేదు. నాలుగో రోజు వానపామును పట్టుకుని లాగింది.

పెరటాసి చివరి రోజు చిన్నదాని తూకం ఇరవై రెండు. పోయిన గ్రాములు పూర్తిగా తిరిగి రావడానికి కార్తీకం దాకా పట్టింది. డిప్ప గట్టిపడింది గానీ, ఎడమ అంచు పైకి వంగి అట్లాగే ఉండిపోయింది. అది ఇక సరికాదు.

పెరటాసి ముగిసిన మరునాడే కింద చేపల పులుసు ఉడుకుతుంటే వదిన మెట్ల దగ్గర నిలబడి పిలిచింది.

"పెరటాసి అయిపోయిందిలే. తొట్టి దించుకోని రా."

"నేనొస్తాను. తొట్టి రాదు. ఎండ ఈడ బాగుండాది."

కొత్త సంవత్సరం క్యాలెండర్ రాగానే వదిన ఎప్పటిలాగే పెరటాసి శనివారాలకు పసుపు బొట్లు పెట్టింది. ఆ బొట్ల కింద ప్రతి గడిలోనూ నేను పెన్నుతో రాశాను: రొయ్యపొడి, పావు చెంచా. పెన్సిలుతో రాస్తే తుడిపేస్తుంది.