పెంటయ్యకు కనబడని ఎరుపు

మా కంపెనీలో పని కావాలంటే దరఖాస్తు అక్కర్లేదు, పెంటయ్యకు చుట్టమైతే చాలు. గన్‌ఫౌండ్రీలో బ్యాంకు పక్క సందులో, మేడ మీద రెండు గదుల్లో ఉంటుంది మా ఎలక్ట్రికల్ కాంట్రాక్టు ఆఫీసు. రామచందర్ గారు ఒక నిచ్చెన, ఒక పనిముట్ల సంచితో మొదలుపెట్టిన రోజుల్లో, ఊళ్లో కూలిపనులు వదిలి వచ్చిన పెంటయ్యే ఆయనకు మొదటి మనిషి. ఇప్పుడు ఆయన కొడుకు విజయేందర్ నడుపుతున్నాడు. పదకొండు మంది పనివాళ్లలో ఏడుగురు పెంటయ్య తెచ్చినవాళ్లే. ఒకడు బామ్మర్ది, ఇద్దరు తమ్ముడి కొడుకులు, మిగతా నలుగురూ అక్కల కొడుకులు. వాళ్లింట్లో పెళ్లంటే మా కంపెనీకి తాళమే. ఎస్టిమేట్లు టైపు చేసే నాకు మాత్రం సెలవుండదు. ఆ కడుపుమంట నాకు పదిహేనేళ్లుగా ఉంది.

పెంటయ్య ఎంత చాదస్తుడో చెప్పాలి. వైరు కట్ట విప్పగానే పక్కవాడి చేత రంగు గట్టిగా చెప్పించుకుంటాడు. ఎర్రదాని కొసకు ఒక ముడి, ఆకుపచ్చదానికి రెండు. ఎవరైనా నవ్వితే, "నవ్వుండ్రి, ముప్పై ఏండ్లల్ల ఒక్కనికన్న షాక్ కొట్టిందా?" అంటాడు. నిజమే, కొట్టలేదు. అందుకే అందరం అతన్ని అతని ముడులకు వదిలేశాం.

పోయిన గురువారం పెంటయ్య తమ్ముడి కూతురి పెళ్లి. నాంపల్లి స్టేషన్ వెనకాల ఒక పాత లాడ్జిలో మా పని చివరికొచ్చింది. మర్నాడు పదకొండింటికి అక్కడ పూజ చేసి, విజయేందర్ చేత స్విచ్ వేయించి ప్రారంభించాలని పెట్టుకున్నారు. అందరూ పెళ్లికి పోతే, పెంటయ్య పెద్దక్క కొడుకు పవన్‌కుమార్ ఒక్కడే ఉండిపోయి, వరండాలో మంచినీళ్ల కూలరుకు కనెక్షన్ ఇచ్చి పని ముగించాడు.

శుక్రవారం పొద్దున పవన్ ఆఫీసుకొచ్చాడు. లాడ్జి కాగితాలున్న ఆకుపచ్చ ఫైలు తీసుకుపొమ్మన్నాను. వాడు తీసిన ఫైలు పక్కనే ఉన్న పెంటయ్య అందుకుని, "గిదే, తీస్కపో" అన్నాడు.

"ఆకుపచ్చది అంటే ఎర్రది తీస్తారేంటి? మామా అల్లుళ్లిద్దరూ కళ్లెక్కడ పెట్టుకున్నారు?" అని కసిరాను. పవన్ తల దించుకుని ఫైలు మార్చుకుని బండెక్కి వెళ్లిపోయాడు. పెంటయ్య మాత్రం కదల్లేదు.

"విద్యమ్మా, గది నిజంగనే ఎర్రదా?"

"కాక?"

అతని మొహం పాలిపోయింది. "నాకు ఎరుపు, ఆకుపచ్చ ఒక్కతీర్గనే కనవడ్తయమ్మా. చిన్నప్పట్నుంచి గంతే. పని పోతదని పెద్దసారుకు గూడ చెప్పలే. వీనికి గూడ నా లెక్కనే ఉన్నదని నాకిప్పుడే తెలుస్తున్నది. నిన్న గా కూలరుకాడ వాని పక్కన రంగు చెప్పేటోడు ఎవడూ లేడు."

నాకు అప్పటికిగాని ఆ ముడులు అర్థం కాలేదు. ఎర్ర వైరులో కరెంటుంటుంది. ఆకుపచ్చది ఎర్తు, కూలరు ఒంటికి బిగించేది. ఆ రెండూ తారుమారైతే స్విచ్ వేయగానే ఆ స్టీలు డబ్బా మొత్తం కరెంటే. గడియారం చూశాను. పది నలభై. పవన్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. విజయేందర్‌కు చేస్తే పూజలో ఉన్నాడేమో, కట్ చేశాడు. మళ్లీ చేశాను, మళ్లీ కట్ చేశాడు. జన్మలో ఎవరినీ తిట్టనంతగా తిట్టుకుంటూ ఆటో ఎక్కాను. అబిడ్స్ చౌరస్తాలో బండ్లు కదిలితే ఒట్టు. పెంటయ్య ఆటో దిగి పరుగందుకున్నాడు. చెప్పులు చేతబట్టుకుని నేనూ వెనకాలే ఉరికాను.

మేం వెళ్లేసరికి కొబ్బరికాయ కొట్టేశారు. విజయేందర్ స్విచ్ బోర్డు దగ్గరికి చేయి చాపుతున్నాడు. ఎవరో ప్రయాణికురాలు, పెద్దావిడ, ఒక చేత్తో సీసా పట్టుకుని రెండో చెయ్యి కూలరు మీద ఆనించి నిలబడి ఉంది.

"సార్! స్విచ్ ఏయకుండ్రి!" పెంటయ్య కేక వరండా అంతా మోగింది. "అమ్మా, జర దూరం జరుగు!"

విజయేందర్ చేయి ఆగింది. లాడ్జి మేనేజరు, నలుగురు ప్రయాణికులు, అందరూ పెంటయ్యను చూస్తున్నారు. రొప్పుతూనే అందరి ముందూ చెప్పేశాడు. "నాకు రంగులు కనవడయి సార్. పవన్‌కు గూడ కనవడయి. కూలరు విప్పి చూడుండ్రి."

పవన్ కూలరు వెనక రేకు విప్పాడు. నేను వంగి చూశాను. డబ్బాకు బిగించి ఉన్నది ఎర్ర వైరు. వేలు పెట్టి అందరికీ చూపించాను. పెద్దావిడ సీసా ఛాతీకి హత్తుకుని వెనక్కి జరిగింది.

పెంటయ్య పవన్ మీదికి చెయ్యెత్తాడు. "నీకు తెలుసా తెల్వదా? తెలిసి గిట్ల చేసినవారా?"

"తెలుసు మామా." వాడు చెంప తప్పించుకోలేదు. "రైల్వే నౌకరీకి పోయినప్పుడు దవాఖానల పట్టుకున్నరు. ఇది అమ్మ దిక్కుకెల్లి వస్తది, మీ మేనమామకు గూడ ఉండొచ్చు అన్నడు డాక్టరు. నీది గప్పుడే సమజైంది. నాది చెప్తే నీది బయటపడ్తది, ఈ వయసుల నీ పని పోతదని చెప్పలే."

పెంటయ్య ఎత్తిన చేయి కిందికి దిగిపోయింది. అంత మందిలోనూ వరండా మెట్టు మీద కూలబడి ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

విజయేందర్ స్విచ్ బోర్డు వదిలేశాడు. వచ్చి పెంటయ్య పక్కన కూర్చున్నాడు. "నీ పని సంగతి తర్వాత జూద్దాం పెంటన్నా. అమ్మ దిక్కుకెల్లి అంటున్నడు గదా. నీ అక్కల కొడుకులు ఇంక ముగ్గురున్నరు మన దగ్గర. వాండ్లకు?"

"తెల్వదు సార్. ఎన్నడూ అడగలే." పెంటయ్య కళ్లు తుడుచుకోవడం ఆపి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ముగ్గురూ ఇప్పుడు హిమాయత్‌నగర్‌ల నిచ్చెనల మీదున్నరు."