పెదనాన్నకు నేను చదివిన ఉత్తరం

నా చిన్నప్పుడు నేను చెప్పే అబద్ధాలకు బంటింగ్ ఊరి చుట్టుపక్కల రబ్బరు, పామాయిలు ఎస్టేట్లన్నింటిలో పేరుండేది. క్లాంగ్ ఊరికి వెళ్లే బస్సు కండక్టరును కొండచిలువ మింగేసి, టిక్కెట్ల సంచి మాత్రం ఉమ్మేసిందని నేను చెప్తే మా పిన్ని రెండు రోజులు బస్సెక్కలేదు. యాభై దాటినా ఆ గుణం పోలేదు. ఈ ఒక్కటి మాత్రం జరిగింది జరిగినట్టే చెప్తాను. దీన్ని పెంచి చెప్పే ధైర్యం నాకు లేదు.

ఎస్టేట్‌లో మా కూలీల ఇళ్ల వరస చివర, రేకుల కప్పు కింద ఒక తెలుగు బడి ఉండేది. పామాయిలు గెలలను మిల్లుకు తోలే లారీల యజమాని ఒకాయన దాన్ని నడిపించేవాడు. పిల్లలందరం ఆయన్ని పెదనాన్న అనేవాళ్లం. మాష్టారి జీతం, పలకలు, వానకు ఎగిరిపోయిన రేకులు, అన్నీ ఆయనే చూసుకునేవాడు. ఆయనకు మాత్రం అక్షరం ముక్క రాదు. చిన్నతనంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో సముద్రం దాటి ఈ దేశం వచ్చి, దిగిన మర్నాటి నుంచే రబ్బరు పాలు మోసినవాడు.

బడి పెట్టినందుకు ఆయన మా దగ్గర కోరుకున్నది ఒక్కటే. తల్లి పోయాక తనను పెంచిన అప్ప, అంటే అక్క, ఊళ్లోనే ఉండిపోయింది. ఆవిడ రాయించిన ఉత్తరం వచ్చినప్పుడల్లా బడికి తెచ్చి ఒక పిల్ల చేత చదివించుకునేవాడు. మాష్టారు చదువుతానన్నా ఇచ్చేవాడు కాదు. పిల్లల నోట వింటేనే బడి నడుస్తోందని ఆయనకు నమ్మకం.

ఒకసారి అలా ఉత్తరం వచ్చిన రోజు చదివే వంతు నాది. నాకు తొమ్మిదేళ్లు. మాష్టారు జ్వరంతో రాలేదు. నీలం కాగితం నిండా గొలుసుకట్టు రాత. నాకు వచ్చినవి పుస్తకంలోని అచ్చు అక్షరాలే. తమ్ముడికి దీవెనలు అన్నంత వరకు గుర్తుపట్టాను, ఆ తర్వాత ఏమీ తెలియలేదు. ఎదురుగా పిల్లలందరూ, వాళ్ల మధ్య నేల మీద బాసింపట్టు వేసుకుని పెదనాన్న. రాదని చెప్పడానికి నోరు రాలేదు. అబద్ధానికి మాత్రం నా నోరు ఎప్పుడూ సిద్ధమే. అప్ప కులాసాగా ఉందన్నాను. జీడిమామిడి విరగకాసిందన్నాను. ఆవు ఈనిందని, దూడకు తమ్ముడి పేరే పెట్టిందని కూడా అన్నాను. దూడ మాట ఆయన మూడుసార్లు చెప్పించుకుని నవ్వాడు. బిస్కెట్ల డబ్బా మొత్తం నాకే ఇచ్చాడు.

నెలన్నరకు ఇంకో ఉత్తరం వచ్చింది. దాని మూలలకు నల్లసిరా పూసి ఉంది. అది చావు కబురని చూడగానే తెలుస్తుంది కనుక పిల్లల చేతికి ఇవ్వలేదు, మాష్టారే చదివారు. అప్ప పోయింది. చివరి రోజుల్లో తమ్ముడి పేరే కలవరించిందట. రమ్మని ముందే రాశాం కదా, అందలేదా అని అప్ప కొడుకు అందులో అడిగాడు. పెదనాన్న జేబులోంచి నీలం కాగితం తీసి మాష్టారికి ఇచ్చాడు. అందులో దూడ లేదు. ఒంట్లో బాగాలేదు, ఒక్కసారి వచ్చి కనిపించు అని ఉంది. తెలిసుంటే ఆయన మర్నాడే బయల్దేరేవాడు.

మా అమ్మ నన్ను కొట్టిన దెబ్బల గురించి చెప్పను. ఇట్టాంటి అబద్ధాల గుంటల్ని తయారుచేసే బడి ఎందుకు, తాళం ఏసీ లా అని, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే ఆ 'లా'తో సహా, ఆయన బావమరిది అందరి ముందూ అన్నాడు. పెదనాన్న తాళం వేయలేదు. మర్నాడు బడికి వచ్చి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ నీలం కాగితమే నా చేతిలో పెట్టాడు.

"సదువమ్మా."

"నాకు రాదు పెదనాన్నా."

"ఆ ముక్క ఆవేళ అనుంటే ఇంకోళ్ల కాడికి ఎల్లుదును గదే. రాదని సెప్పడానికి సిగ్గేటి? నాకూ రాదు. అందుకే గదా బడి ఎట్టినాను."

ఆ నెలంతా మాష్టారు నాకు గొలుసుకట్టు నేర్పింది ఆ కాగితం మీదే. రోజూ సాయంత్రం పెదనాన్న వచ్చి కళ్లు మూసుకుని వినేవాడు. రోజూ నా నోటితోనే అప్ప ఆయన్ని రమ్మని పిలిచేది. మొత్తం తప్పు లేకుండా చదివిన రోజు, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా లారీలో బడికి కొత్త బల్లలు దిగాయి.

ఆయన బతికినన్నాళ్లూ బడి నడిచింది. తర్వాత కుటుంబాలన్నీ టౌనుకు చేరాయి, ఎస్టేట్ స్థలంలో ఫ్యాక్టరీ లేచింది. మాకు వచ్చిన ఈ నాలుగు అక్షరాలే ఆయన మిగిల్చినవి.

మొన్న మా ఫ్లాట్ల భవనంలో కింది అంతస్తు ముసలమ్మ ఆస్పత్రి కాగితం పట్టుకుని వచ్చింది. నా కోతలన్నీ విని నవ్వే మనిషే. "బాగుందని సెప్పీ లా, నీకు అలవాటే గదా," అంది. కాగితం నా చేతిలో పెట్టింది. కడుపులో గడ్డ ఉందని రాసి ఉంది. ఉన్నది ఉన్నట్టు చదివాను. అర్థం కాని మాట దగ్గర ఆగి, ఇది నాకు తెలీదు అత్తా, డాక్టరును అడుగుదాం అన్నాను. ఆ మాట అనడం నాకు ఇప్పటికీ తేలిక కాదు. చెప్పులు వేసుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుని బస్సు స్టాపుకు నడిచాను.