జెనలిన్ ప్రోగ్రాం ఎందుకు చచ్చేది

జెనలిన్ అంటే నాకు పడదు. ముందే చెప్పేస్తున్నా. ఫిలిప్పీన్స్‌లోని సెబు రేవులో మా పడవల కంపెనీకి ఉన్నది ఒకే ఒక్క ముసలి సర్వర్. దాని మీద టికెట్లమ్మే ప్రోగ్రాం నాది, సరుకుల లెక్క చూసేది ఆమెది. మెమరీ నిండిపోయిందంటే, మిగతావి బతకాలని సర్వర్ ఏదో ఒక ప్రోగ్రాంను తానే చంపేస్తుంది. ప్రతిసారీ చచ్చేది ఆమెదే.

చచ్చినప్పుడల్లా కింద హమాలీలు గోల. ఈవిడ గొడుగేసుకుని ఎండలో దిగి, చేత్తో చీటీలు రాసిచ్చి, వాళ్ళను నవ్వించి వచ్చేది. సాయంత్రానికి ఆమె టేబుల్ మీద ఎండుచేపలు, మామిడిపళ్ళు. నా ప్రోగ్రాం ఒక్కసారీ పడిపోలేదు. నాకు చేపముక్క ఇచ్చిన పాపాన పోయినవాడు లేడు. చేతకానితనానికి ఇంత మర్యాదా అని లోపల తిట్టుకునేదాన్ని.

ఈస్టర్‌కు ముందొచ్చే మట్టల ఆదివారం దగ్గర పడింది. ఊళ్ళకెళ్ళేవాళ్ళతో రేవు కిటకిటలాడుతోంది. మా ఇద్దరిలో ఒకరిని కంప్యూటర్ విభాగానికి హెడ్‌ను చేస్తానన్నారు మా మేనేజర్ సర్ విర్హిలియో. ఇదే అదను అనుకున్నా. మెమరీ మింగే తిండిపోతు ఆమె ప్రోగ్రామేనని మీటింగ్‌లో రుజువు పెడదామని సర్వర్ రికార్డులన్నీ తిరగేశాను.

తిండిపోతు నాదే. ఎవరైనా సీటు వెతికితే చాలు, ఆ వెతుకులాటంతా మెమరీలో పోగేసుకుని కూర్చుంటోంది, వదలడం లేదు. మరి చావాల్సింది నాది కదా? ఇంకాస్త తవ్వితే తెలిసింది. చంపాల్సొస్తే ముందు దీన్నే చంపమని జెనలిన్ తన ప్రోగ్రాం గురించి తానే సర్వర్‌లో రాసిపెట్టింది.

వెళ్ళి నిలదీశాను.

"మూటలు కాసేపాగుతాయక్కా. పిల్లాజెల్లాతో లైన్లో నిలబడ్డవాళ్ళు ఆగరు కదా," అంది.

"నాది మింగుతోందని తెలుసా నీకు?"

"తెలుసు. చెప్దామనే వచ్చా. నేను వస్తుంటేనే మీరు లేచి వెళ్ళిపోయారు."

ఆ మధ్యాహ్నమే నా ప్రోగ్రాం సరిచేశాను. సర్వర్ కుదుటపడింది.

మీటింగ్‌లో, సర్వర్‌ను కుదుటపరిచింది ఎవరని సర్ అడిగారు. నేను నోరు తెరిచేలోపే, "అక్కే కనిపెట్టింది, అక్కే బాగుచేసింది," అంది జెనలిన్. అబద్ధం కాదది. తప్పెవరిదో మాత్రం ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

హెడ్ కుర్చీ నాకొచ్చింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆమే. ఆ కుర్చీ ఎలా వచ్చిందో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే, రోజూ నా ఎదురుగానే కూర్చుంటుంది. ఓడిపోయినా బాగుండేది. ఆమెను హాయిగా తిట్టుకుంటూ బతికేదాన్ని.